‘ఇల్లులు’ అనే పిల్ల, ‘ఇళ్ళు’ అనే యంత్రం: చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌తో మనసును పరిశీలించే పద్ధతి

తెలుగులో ‘ఇల్లు’ అనే మాటకు బహువచనం ‘ఇళ్ళు’ అని మనకెవరూ పాఠం చెప్పలేదు. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్న మా అక్క కూతురు మూడేళ్ళు నిండకముందు ‘ఇళ్ళు’ అనే అనేది; నాలుగో ఏడు నడుస్తుండగా ఉన్నట్టుండి ‘ఇల్లులు’, ‘కాలులు’ అనడం మొదలుపెట్టింది. బడిలో కన్నడం, ఇంగ్లీషు చెవిన పడి తెలుగు చెడిపోతోందని మా అక్క బెంగపెట్టుకుంది గాని, జరిగింది దానికి దాదాపు వ్యతిరేకం. అంతవరకు విన్న మాటను విన్నట్టు అప్పజెప్పిన పిల్ల, ఇప్పుడు మాటల మధ్య పోలికను పట్టుకుని, తానెన్నడూ వినని రూపాన్ని తానే కట్టుకుంటోంది. ఇంగ్లీషు పిల్లలు ‘వెంట్’ (went) అని సరిగా పలికిన కొన్నాళ్ళకు ‘గోడ్’ (goed) అని తప్పి, ఆ తరువాత మళ్ళీ ‘వెంట్’ దగ్గరకు రావడం భాషాశాస్త్రంలో ఎప్పటినుంచో తెలిసిన విషయమే.

ఆ ‘ఇల్లులు’ అనే తప్పును ఆధారం చేసుకుని, ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ను, అంటే ఉదాహరణలు చూస్తూ తన లోపలి బంధాల బరువులను మార్చుకుని నేర్చుకునే ప్రోగ్రామును కట్టి, దాని ద్వారా మనసు నేర్చుకునే తీరును ఎలా పరిశీలించాలో ఈ వ్యాసంలో చెప్పబోతున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొద్దిగా వచ్చి, మామూలు లాప్‌టాప్ ఉంటే చాలు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ఒక్క విషయం మాత్రం మొదటినుంచి మనసులో ఉంచుకోవాలి. జవాబులన్నీ సరిగా ఇచ్చే యంత్రం ఇంజినీరుకు కావాలి. మనసును చదవదలచినవారికి కావలసింది మనిషి తప్పిన చోటే తప్పే యంత్రం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పనిచేసే మనవాళ్ళు ఈ రంగంలోకి వచ్చినప్పుడు మొదట తడబడేది ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఉద్యోగంలో మనకు అలవాటైనదల్లా ఖచ్చితత్వాన్ని నూటికి తొంభై తొమ్మిదికి తీసుకువెళ్ళడమే.

ముందు ప్రశ్న, తరువాతే కోడు

డేవిడ్ మార్ అనే శాస్త్రవేత్త పరిశోధన ఆయన మరణానంతరం 1982లో పుస్తకంగా వెలువడింది; మనసును లెక్కగా చూసేటప్పుడు మూడు స్థాయిలను కలగాపులగం చేయకూడదని ఆయన అందులో వాదించాడు. ఏ లెక్క జరుగుతోంది, ఏ పద్ధతిలో జరుగుతోంది, ఏ పదార్థంలో జరుగుతోంది అనేవే ఆ మూడు. మన ఉదాహరణలో మొదటి స్థాయి తేలిక: ఏకవచనం లోపలికి వెళ్ళాలి, బహువచనం బయటికి రావాలి. రెండో స్థాయిలోనే తగువు ఉంది. పిల్ల తలలో ‘చివర లు చేర్చు’ అనే సూత్రమొకటి, దానికి లొంగని మాటల చిట్టా ఒకటి విడివిడిగా ఉన్నాయా, లేక రెండు పనులనూ ఒకే అల్లిక చేస్తోందా? మూడో స్థాయి, అంటే నిజమైన నాడీకణాల సంగతి, మన నమూనాకు అందదు. శిక్షణలో మనం వాడే బ్యాక్‌ప్రొపగేషన్ పద్ధతి, అంటే జవాబులోని తప్పును వెనక్కి పంపి బరువులను సరిదిద్దడం, మెదడులో ఆ రూపంలో జరుగుతుందనడానికి ఆధారం లేదని ఫ్రాన్సిస్ క్రిక్ 1989లోనే ఎత్తిచూపాడు. కాబట్టి ‘నా నెట్‌వర్క్ మెదడులాంటిది’ అని రాయకండి. ‘ఈ రకమైన నేర్పరి, ఈ రకమైన వినికిడి నుంచి, ఈ రకమైన తప్పులు చేస్తుంది’ అని రాయండి. మీ వాదన అంతవరకే.

రెండో స్థాయి తగువుకు పెద్ద చరిత్రే ఉంది. 1986లో రూమెల్‌హార్ట్, మెక్‌క్లెలండ్ ఇంగ్లీషు భూతకాల క్రియలను నేర్చుకునే నెట్‌వర్క్‌ను కట్టి, సూత్రమన్నదే లేకుండా పిల్లల తప్పులు దానంతటవే పుడతాయని చూపారు. 1988లో పింకర్, ప్రిన్స్ దాన్ని ముక్కముక్కగా పరిశీలించి, ఆ తప్పులు పుట్టడానికి కారణం శిక్షణను పేర్చిన తీరేనని అభ్యంతరం చెప్పారు. ఆ నెట్‌వర్క్‌కు మొదట పది క్రియలు మాత్రమే నేర్పి, ఆ తరువాత ఒక్కసారిగా నాలుగు వందల పైచిలుకు కుమ్మరించారు. పిల్లల చెవిన మాటలు అలా పడవు. ఈ అభ్యంతరాన్ని బాగా గుర్తుంచుకోండి. మీ నమూనాలో ఏ ఫలితం కనబడినా, అది నెట్‌వర్క్ స్వభావం వల్ల వచ్చిందా, మీరు అన్నం కలిపి ముద్ద పెట్టినట్టు దాని నోట పెట్టారా అని మొట్టమొదట మిమ్మల్ని మీరే అడగాలి.

కాగితం మీద ఒక నమూనా

నెట్‌వర్క్ కూడా తన జవాబుకూ సరైన జవాబుకూ ఉన్న తేడా నుంచే నేర్చుకుంటుంది. కనుక దాని జోలికి పోకముందు, ఒక సాయంత్రం కూర్చుని చేత్తో ఒక నమూనాను నడిపి చూడమని నా సలహా. రెస్కోర్లా, వాగ్నర్ 1972లో ప్రతిపాదించిన సూత్రం దీనికి సరిపోతుంది. ఒక గుర్తుకు ఉన్న బలం ప్రతి అనుభవం తరువాత కొంత మారుతుంది. జరిగినదానికీ ఊహించినదానికీ ఉన్న తేడాను ఒక రేటుతో గుణిస్తే ఆ మార్పు వస్తుంది.

బెంగళూరు వేసవి వానల్లో ఉరుము వినబడిన ప్రతిసారీ కరెంటు పోతుందనుకుందాం. రేటు 0.3, కరెంటు పోవడం విలువ 1. మొదట ఉరుము బలం సున్నా. ఒక ఉరుము తరువాత 0.3 అవుతుంది. రెండో ఉరుముకు మిగిలిన తేడా 0.7 కనుక దానిలో 0.3 వంతు, అంటే 0.21 చేరి 0.51 అవుతుంది. మూడోసారికి 0.657. పదోసారి దాటేసరికి 0.97 దాకా చేరుతుంది. ఇక పదకొండో వాననుంచి ఉరుముతో పాటు పక్కింటి కుక్క కూడా మొరగడం మొదలుపెట్టిందనుకోండి. కరెంటు పోతుందని ఉరుమే ముందుగా చెప్పేసింది. మిగిలిన ఆశ్చర్యం 0.03 కూడా లేదు. కుక్క అరుపుకు దక్కేది ఆ మిగులులో 0.3 వంతు, అంటే 0.008 మాత్రమే. ఎన్ని వానలు కురిసినా కుక్క అరుపు మీద నమ్మకం కుదరదు. 1960ల చివర లియొన్ కామిన్ ఎలుకల మీద చూపించినది సరిగ్గా ఇదే: ముందే ఒక గుర్తు అంతా చెబుతుంటే, దానికి జతపడిన రెండో గుర్తును జంతువు దాదాపు నేర్చుకోదు. రెండు సంగతులు కలిసి జరిగితే చాలు మనసు వాటిని ముడివేస్తుందనే పాత ఊహ ఇక్కడ చెల్లదు. ముడి పడాలంటే ఆశ్చర్యం ఉండాలి. 1997లో షుల్ట్‌జ్, డయాన్, మాంటెగ్యూ కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల స్పందనను ఇదే జాతికి చెందిన ‘అంచనా తేడా’తో వివరించారు.

ఈ లెక్కను పైథాన్‌లో పది వరుసల్లో రాసుకున్నాక ఇంకొక్క పని చేయాలి, దాన్ని చాలామంది వదిలేస్తారు. రేటును మీరే 0.3 అని పెట్టి, కొంత యాదృచ్ఛికత కలిపి, కృత్రిమ మనుషుల జవాబులను పుట్టించండి. ఆ తరువాత రేటు తెలియనట్టు నటించి, జవాబుల నుంచి దాన్ని రాబట్టండి. 0.3కు దగ్గరగా రావాలి. మీరు పెట్టిన సంఖ్యనే మీ పద్ధతి తిరిగి రాబట్టలేకపోతే, నిజమైన మనుషుల నుంచి అది రాబట్టిన సంఖ్యకు అర్థం లేదు. 0.1, 0.6 లాంటి వేర్వేరు విలువలతోనూ, ఇరవై ప్రశ్నలు, రెండు వందల ప్రశ్నలు అడిగినప్పుడూ ఎలా ఉంటుందో చూస్తే, ఒక మనిషిని ఎన్ని ప్రశ్నలు అడగాలో కూడా ముందే తెలిసిపోతుంది.

ఇల్లు, చిల్లు, బిల్లు

ఇక అసలు పనికి వద్దాం. ఈ పనిలో మూడు వంతుల శ్రమ సమాచారం కూర్చడంలోనే ఉంటుంది. నెట్‌వర్క్ కట్టడం ఒక మధ్యాహ్నం పని.

తెలుగు బహువచనం పైకి సులువుగా కనిపిస్తుంది, ఎందుకంటే దాదాపు ప్రతి నామవాచకం చివరా ‘లు’ వస్తుంది. వైవిధ్యమంతా ఆ ‘లు’కు ముందు మాట ఎలా ఒదుగుతుందన్నదానిలో ఉంది. పుస్తకం పుస్తకాలు అవుతుంది, గది గదులు అవుతుంది, చెట్టు చెట్లు అవుతుంది. ఇల్లు ఇళ్ళు, ముల్లు ముళ్ళు. కాని చిల్లు చిల్లులు, జల్లు జల్లులు, బయటినుంచి వచ్చిన బిల్లు బిల్లులు. పేరు పేర్లు, కారు కార్లు. గోరు మాత్రం గోళ్ళు. రాయి రాళ్ళు అయితే, చేయి చేతులు. అందుచేత ఇంగ్లీషు తగువులోని ‘సూత్రానికి లొంగేవి, లొంగనివి’ అనే రెండు గంపల విభజనను తెచ్చి తెలుగు మీద రుద్దడం కుదరదు. ఇక్కడ చిన్నా పెద్దా గుంపులు చాలా ఉన్నాయి, ఒక్కో గుంపుకు ఒక్కో లాగుడు ఉంది. ఈ కారణంగానే తెలుగు ఈ పరిశోధనకు మంచి పొలమని నాకు అనిపిస్తుంది.

అన్నిటికన్నా విలువైన జంట ‘పన్ను’. నోట్లో పన్ను పళ్ళు అవుతుంది. ప్రభుత్వానికి కట్టే పన్ను పన్నులు అవుతుంది. ధ్వని ఒక్కటే, బహువచనాలు రెండు. ధ్వనిని మాత్రమే వినే నెట్‌వర్క్ ఎంత పెద్దదైనా ఈ రెంటినీ వేరు చేయలేదు, ఎందుకంటే దానికి అందిన సమాచారంలో తేడాయే లేదు. పింకర్, ప్రిన్స్ ఇంగ్లీషులో ఒకేలా పలికినా భూతకాలాలు వేరైన ‘రింగ్’ (ring, wring) మాటలతో వేసిన ప్రశ్న ఇదే. మీ జాబితాలో రెండు పన్నులనూ తప్పక ఉంచండి. మొదట ధ్వనితోనే నడపండి. ఆ తరువాత ‘ఒంటి భాగం’, ‘డబ్బుకు సంబంధించినది’ లాంటి కొద్దిపాటి అర్థసూచనలను జతచేసి మళ్ళీ నడపండి. రెండు పరుగుల తేడా మీ వ్యాసంలో ఒక పేజీకి సరిపోతుంది.

మాటలను ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? వార్తాపత్రికల పాఠ్యం వెల్లువలా దొరుకుతుంది గాని, అందులో పథకాలు, ప్రభుత్వాలు, నియోజకవర్గాలు ఉన్నంతగా బొమ్మలు, బూట్లు, పిల్లులు ఉండవు. నాలుగేళ్ళ పిల్ల చెవిన నియోజకవర్గాలు పడవు. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, ఇంట్లో మాటలను కొన్ని గంటలు ఫోనులో రికార్డు చేసి, నామవాచకాలను, అవి ఎన్నిసార్లు వచ్చాయో ఎత్తి రాసుకోండి. అయిదారు కుటుంబాలు ఒప్పుకుంటే చిన్న పదకోశం తయారవుతుంది. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవారి పండ్లు, గోదావరి వైపువారి పళ్ళు, కొందరి ఊర్లు, కొందరి ఊళ్ళు, ఇవన్నీ ఒకే భవనంలో పక్కపక్క ఫ్లాట్లలో వినబడే ఊరు ఇది. వాటిని సరిదిద్దకండి. ఏ రూపం ఏ ఇంట్లోదో గుర్తు వేసుకోండి. ఆ ఇంటి పిల్లకు ఆ రూపమే సరైన జవాబు.

రాతలో ఒక ఉచ్చు ఉంది, నేను దానిలో పడ్డాను. కొందరు ‘ఇళ్ళు’ అని ళకు ళ వత్తు ఇస్తారు, కొందరు ‘ఇళ్లు’ అని ల వత్తు ఇస్తారు. పలుకులో తేడా లేదు. కంప్యూటరుకు మాత్రం ఇవి రెండు వేర్వేరు అక్షర వరుసలు. నా మొదటి జాబితాలో రెండూ కలిసి ఉండడంతో, సరిగా నేర్చుకున్న నెట్‌వర్క్ కూడా సగం మాటల్లో తప్పినట్టు లెక్క తేలి, లేని సమస్యకు పరిష్కారం వెతుకుతూ వారం రోజులు పోగొట్టుకున్నాను. శిక్షణకు ముందే అన్నిటినీ ఒకే రాతలోకి మార్చండి. ఇంకా మేలైన దారి, తెలుగు లిపి సంకేతాలను వదిలి, మాటలను ధ్వనులుగా విడగొట్టడం. కంప్యూటర్లు లిపులను దాచుకునే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో ‘ఇల్లు’ అంటే ఇ, ల, పొల్లు గుర్తు, మళ్ళీ ల, ఉకారపు కొమ్ము అనే అయిదు సంకేతాలు. పిల్ల చెవికి పొల్లు గుర్తు వినబడదు.

మనుషుల జవాబులు

నెట్‌వర్క్‌తో పోల్చడానికి మనుషుల తప్పులు కావాలి. తెలిసిన మాటలను అడిగితే జ్ఞాపకం జవాబు చెబుతుంది. అందుకే జీన్ బెర్కో 1958లో చేసినట్టు, లేని మాటలను కల్పించి అడగాలి. ‘దెల్లు’, ‘మొన్ను’, ‘తోరు’, ‘గీమి’, ‘బొద్దం’ లాంటి ముప్ఫై మాటలు తయారుచేసుకోండి. ప్రతిదానికీ ఒక వింత జంతువు బొమ్మ గీయించి, ‘ఇదిగో, ఇదొక దెల్లు. ఇక్కడ ఇంకొకటి వచ్చింది. ఇప్పుడు రెండు ఏమున్నాయమ్మా?’ అని నోటితోనే అడగండి, నోటి జవాబునే రికార్డు చేయండి. ఇక్కడ పెరిగిన చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చినా చదవడం రాదు. కాగితం చేతికిస్తే సగం మందిని పోగొట్టుకుంటారు. కల్పించిన మాట కన్నడంలోనో తమిళంలోనో నిజంగా ఉందేమో ముందుగా ఇరుగుపొరుగును అడిగి చూసుకోవాలి. పెద్దలతో చేసే చిన్న ప్రయోగానికైనా రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. పిల్లలతో చేసి ఫలితాలు ప్రచురించదలిస్తే, ఏదైనా విద్యాసంస్థతో కలిసి దాని నైతిక సమీక్ష సంఘం అనుమతి పొందిన తరువాతే మొదలుపెట్టాలి.

పిల్లలు ఒక్క జవాబే ఇవ్వరు. ఇరవై మంది పెద్దలు కూడా ఏకాభిప్రాయానికి రారు. దెల్లుకు పన్నెండు మంది ‘దెల్లులు’ అని, ఎనిమిది మంది ‘దెళ్ళు’ అని అంటే, ఆ పన్నెండు, ఎనిమిదే మీ సమాచారం. మెజారిటీ జవాబును మాత్రం ఉంచుకుని మిగతాది పారేస్తే అసలు సంగతే పారేసినట్టు.

కట్టడం, నేర్పడం

మొదటి నెట్‌వర్క్ ఎంత చిన్నదైతే అంత మంచిది. ఒక్కో మాటకు పన్నెండు గళ్ళు ఇవ్వండి, ఒక్కో గడిలో ఒక్కో ధ్వని. మాటను కుడివైపు సర్దండి, ఎందుకంటే తెలుగు బహువచనం తేలేది మాట చివర. ఎడమకు సర్దితే ఒక్కో మాట చివర ఒక్కో గడిలో పడి నెట్‌వర్క్‌కు పోలిక కనబడదు. ప్రతి ధ్వనినీ అచ్చా హల్లా, నాదమున్నదా లేదా, పెదవులదా పళ్ళదా మూర్ధన్యమా, హ్రస్వమా దీర్ఘమా అనే ఇరవై లక్షణాలతో సూచిస్తే, ల, ళ రెండూ దగ్గరి చుట్టాలని నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. అప్పుడు లోపలికి 240 యూనిట్లు (ఒక్కో సంఖ్యను పట్టుకునే బిందువులు), మధ్య పొరలో 80, బయటికి 240. మొత్తం బంధాల బరువులు 38,400. ఈనాటి లెక్కల్లో ఇది చీమ. నెట్‌వర్కులు కట్టడానికి వాడే పైటార్చ్ అనే పైథాన్ సరంజామాలో ముప్ఫై వరుసల కోడు, లాప్‌టాప్ మీద కొద్ది నిమిషాల శిక్షణ.

గళ్ళ పద్ధతికి లోపాలున్నాయి: ఒక గడిలో నేర్చుకున్నది పక్క గడికి దానంతటది అబ్బదు, పొడుగు మాటలు పట్టవు. ఇవి తెలిశాక ధ్వనులను ఒకదాని వెంట ఒకటి చదివే నెట్‌వర్క్‌కు వెళ్ళవచ్చు. జెఫ్ ఎల్మన్ 1990లో చూపిన దారికి ఇప్పటి వారసులు చాలా ఉన్నాయి. అయితే చిన్నదానితో మొదలుపెట్టడానికి కారణం బద్ధకం కాదు. లోపల ఏం జరుగుతోందో తెరిచి చూడగలిగిన నమూనాతోనే మనసు గురించి ఏదైనా నేర్చుకోగలం. పెద్ద భాషా నమూనాలను అడిగితే ‘దెల్లు’కు ఠక్కున జవాబు చెబుతాయి, కాని అవి ఏ పాఠ్యం చదివాయో మనకు తెలియదు, ఏ పిల్లా ఒక జన్మలో వినలేనన్ని మాటలు వాటికి నేర్పారు. ఏ వినికిడి నుంచి ఏ తప్పు పుడుతుందనే మన ప్రశ్నకు వాటి దగ్గర జవాబు లేదు.

శిక్షణలో మాటలను ఇంట్లో వినబడినన్నిసార్లే చూపించాలా, ఒక్కో మాటనూ సమానంగా చూపించాలా అన్నది చిన్న నిర్ణయంలా కనిపిస్తుంది గాని, ఫలితాలను ఎక్కువగా మార్చేది ఇదే. ‘ఇళ్ళు’, ‘కాళ్ళు’ తరచుగా వినబడే మాటలు; వాటిని సమానం చేస్తే వాటి బలం పోతుంది. వినబడినన్నిసార్లు చూపితే నాలుగైదు మాటలే శిక్షణంతా మింగేస్తాయి. రెండు విధాలా నడిపి, రెండూ రాయండి. కొత్త మాటలను ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా చేర్చుతూ పోండి. పదకోశం మెల్లగా పెరిగినా తప్పుల దశ వస్తుందని ప్లంకెట్, మార్చ్‌మన్ 1990ల మొదట్లో ఇంగ్లీషు నమూనాలతో చూపారు.

శిక్షణ ముగిశాక మాత్రమే నెట్‌వర్క్‌ను పరీక్షించడం ఇంజినీరు అలవాటు. మనకు కావలసింది దాని బాల్యం. ప్రతి కొన్ని విడతలకు ఒకసారి ఆపి, అన్ని మాటలకూ అది చెప్పిన జవాబులను ఫైలులో దాచండి. ‘ఇల్లు’ వరుసను మొదటినుంచి చివరిదాకా చదివితే, మొదట అర్థంలేని ధ్వనులు, ఆ తరువాత ఏదో ఒక రూపం, ఆ పైన రూపాల మధ్య ఊగిసలాట కనిపించాలి. ‘ఇళ్ళు’ వచ్చి, ‘ఇల్లులు’కు జారి, మళ్ళీ ‘ఇళ్ళు’ చేరిందా? చేరితే, ‘ముల్లు’ కూడా అలాగే చేసిందా, లేక అరుదుగా వినబడే మాట కనుక మొదటినుంచీ ‘ముల్లులు’గానే ఉందా? ‘చిల్లు’ను ఎప్పుడైనా ‘చిళ్ళు’ చేసిందా? ఈ ప్రశ్నలకు జవాబుల కోసమే ఇంత శ్రమ.

పోల్చి చూడడం

ఒకే నెట్‌వర్క్‌ను ఒకేసారి నడిపి ఫలితం రాయకూడదు. ప్రారంభ బరువులు యాదృచ్ఛికంగా పెడతాం కనుక, ఆ యాదృచ్ఛికతకు మొదలుగా ఇచ్చే సంఖ్యను, అంటే సీడ్‌ను మారిస్తే జవాబులు మారతాయి. 2018లో కిరోవ్, కాటరెల్ ఆధునిక నెట్‌వర్కులను తీసుకుని, పింకర్, ప్రిన్స్ చెప్పిన అభ్యంతరాలలో చాలావాటికి ఇప్పుడు సమాధానం ఉందని వాదించారు. మరుసటి ఏడు కార్కరీ, మతుసెవిచ్, గోల్డ్‌వాటర్ అదే రకం నెట్‌వర్క్‌ను వేర్వేరు ప్రారంభాలతో పదేపదే నడిపి, కొత్త మాటల మీద దాని తీర్పులు పరుగు పరుగుకూ మారుతున్నాయని చూపారు. కనీసం ఇరవై సీడ్లతో నడపండి. ఆ ఇరవైలో ఎన్ని ‘దెళ్ళు’ అన్నాయో, ఇరవై మంది మనుషుల్లో ఎందరు ‘దెళ్ళు’ అన్నారో, మాట మాటకూ పక్కపక్కన పెట్టి చూడండి. అలాగే మనుషులను రెండు సగాలుగా విడదీసి, ఒక సగం రెండో సగాన్ని ఎంత దగ్గరగా ఊహించగలదో లెక్కించండి. ఏ నమూనా అయినా ఆ హద్దు దాటి మనుషులకు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తే సంతోషించవద్దు, లెక్కలో పొరపాటు వెతకండి.

అలాంటి పొరపాటు నాకూ జరిగింది. మాటలను యాదృచ్ఛికంగా శిక్షణకు, పరీక్షకు పంచాను. చెట్టు ఒకవైపు, వేపచెట్టు రెండోవైపు పడ్డాయి. నెట్‌వర్క్ కొత్త మాటల మీద అద్భుతంగా పనిచేస్తోందని రెండు రోజులు మురిసిపోయాను. సమాసాలను వాటి చివరి మాటతో కట్టగట్టి, మొత్తం కట్టను ఒకే వైపుకు పంపాక ఆ అద్భుతం సగం కరిగిపోయింది.

పోలికకు ప్రత్యర్థులు కూడా ఉండాలి. ఒకటి, ‘లు చేర్చు’ అనే సూత్రమూ మినహాయింపుల చిట్టా కలిసిన సాదా ప్రోగ్రాము. రెండోది, కొత్త మాటకు ధ్వనిలో అతి దగ్గరగా ఉన్న పాత మాటను వెతికి దాని బహువచనాన్ని అనుకరించే పద్ధతి. రెండో ప్రత్యర్థిని తక్కువ అంచనా వేయకండి, చాలాసార్లు అది నెట్‌వర్క్ మెడ దాకా వస్తుంది. మనుషుల తప్పులను అది మీ నెట్‌వర్క్‌తో సమానంగా ఊహిస్తే, నెట్‌వర్క్ మీకు అదనంగా చెప్పింది ఏమీ లేదు, ఆ మాట నిజాయితీగా రాసేయాలి.

చెడగొట్టడం, మరపించడం

నమూనాతో చేయగలిగి, మనిషితో చేయలేని పని ఒకటుంది: కావాలని పాడుచేయడం. మధ్య పొరలో పదో వంతు యూనిట్లను యాదృచ్ఛికంగా తీసేసి, ఏ మాటలు ముందు కూలుతాయో చూడండి. తరువాత అయిదో వంతు, మూడో వంతు. హింటన్, షాలిస్ 1991లో ఇలాగే చదివే నెట్‌వర్క్‌ను దెబ్బతీసి, మెదడు గాయం తరువాత చదవడం దెబ్బతిన్నవారు చేసే తప్పుల్లాంటివి పుట్టడం చూపారు. మెదడు, మానసిక వ్యాధులకు వైద్యం చేసే నిమ్హాన్స్ సంస్థ బెంగళూరులోనే ఉంది కదా, అక్కడి రోగులతో పోల్చుదామనే ఆలోచన సహజంగా వస్తుంది. కాని వైద్యుల భాగస్వామ్యం, అనుమతులు లేకుండా అటువైపు అడుగు వేయకూడదు.

మరపు ప్రయోగానికి అనుమతులేమీ అక్కరలేదు, పైగా అది బెంగళూరు తెలుగు ఇళ్ళకు అతికినట్టు సరిపోతుంది. తెలుగు బాగా నేర్చిన నెట్‌వర్క్‌కు ఇక కన్నడం మాత్రమే నేర్పండి: మనె మనెగళు, మర మరగళు. కొద్ది విడతల్లోనే అది తెలుగును తుడిచిపెట్టుకుంటుంది. 1989లో మెక్లాస్కీ, కోహెన్ నెట్‌వర్క్‌కు ఒకటితో కూడికలు నేర్పి, ఆ తరువాత రెండుతో కూడికలు నేర్పినప్పుడు పాతవి ఇలాగే చెరిగిపోయాయి. కన్నడం బడిలో చేరిన పిల్లకు ఒక్క నెలలో తెలుగు ఇలా చెరిగిపోదు. నమూనా మనిషితో విభేదించిన ఈ చోటును లోపంగా దాచకండి. 1995లో మెక్‌క్లెలండ్, మెక్‌నాటన్, ఓరైలీ సరిగ్గా ఈ విభేదం నుంచే, మెదడులో వేగంగా నేర్చే హిప్పోక్యాంపస్, నెమ్మదిగా నేర్చే కార్టెక్స్ అని రెండు వ్యవస్థలు ఎందుకు ఉండాలో వాదన కట్టారు. పాతదాన్ని కొత్తదానితో కలిపి మళ్ళీమళ్ళీ నెమరువేయడమే వారి జవాబు.

దాన్ని మీరూ పరీక్షించవచ్చు. కన్నడ శిక్షణలో తెలుగు మాటలను నూటికి యాభై పాళ్ళు కలిపి ఒకసారి, ఇరవై కలిపి ఒకసారి, పది, అయిదు, రెండు కలిపి ఒక్కోసారి నడపండి. ఎంత శాతం దగ్గర ‘ఇళ్ళు’ పడిపోతుందో, ‘పుస్తకాలు’ ఎంతవరకు నిలుస్తుందో, పడిపోయే ముందు ‘ఇల్లులు’ వస్తుందో ‘ఇల్లుగళు’ వస్తుందో గీత గీసి, సీడ్లు, పదజాబితా, కోడు, తప్పుల ఫైలు అన్నీ దానితో కలిపి భద్రపరచండి. ఆ గీతను ముందుగా కాగితం మీద పెట్టి తేదీ వేసిన తరువాతే, రోజుకు ఇంట్లో రెండు గంటల తెలుగు వినే పిల్లలూ, రోజంతా వినే పిల్లలూ ఉన్న కుటుంబాల దగ్గరకు దెల్లుల బొమ్మలు పట్టుకుని వెళ్ళాలి.